రెండు గుండీల దుప్పటి

మా వదినకి కవరు లేని వస్తువు కనబడితే చెయ్యి దురదపెడుతుంది. ఆ ఇంట్లో ఫ్రిజ్జు దగ్గర్నుంచి టీవీ రిమోటు దాకా ఒంటిమీద గుడ్డ లేని వస్తువంటూ ఉండదు. "ఓ గంట కదలకుండా కూర్చుంటే నాకూ కొలతలు తీసేస్తుంది" అంటాడు మా అన్నయ్య. ఆయన బస్సు డ్రైవరు. గంటసేపు కదలకుండా కూర్చునేది బస్సులోనే కాబట్టి ఇన్నాళ్ళూ బతికిపోయాడు.

వదినకి అది పిచ్చే కాదు, బతుకుతెరువు కూడా. మూడో అంతస్తులోని ఆ చిన్న ఇంట్లో ముందుగది నిండా ఆమె సరంజామాయే. గోడవారగా స్పాంజి పలకలు, రెక్సిన్ చుట్టలు, సంచుల్లో కత్తిరింపులు, కిటికీ కింద మిషను. సోఫాలకీ కుర్చీలకీ పరుపులకీ కవర్లు కుడుతుంది. వీధి వీధంతా ఆమెని కవర్లమ్మ అనే పిలుస్తుంది.

ఆమె పనిలో ఒక పద్ధతుంది. ఏ గుడ్డ చేతికొచ్చినా ముందు అంచులోంచి ఒక దారం లాగి, అగ్గిపుల్ల గీసి కాల్చి చూస్తుంది. కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలితే నూలు. వెంట్రుక కాలిన కంపొస్తే ఉన్ని. కరిగి, ముడుచుకుని, నల్లటి పూస కడితే పాలిస్టరు. దుకాణంవాడు ఒట్టేసి చెప్పినా సరే, దారం కాలందే నమ్మదు. నేను ముచ్చటపడి నాన్నకని మెత్తటి నీలం దుప్పటి కొనుక్కొస్తే, నా ఎదురుగానే దాని దారమూ కాల్చింది. నల్లపూస కట్టింది. "పోనీలే, మెత్తగా ఉందిలే" అంది. ఆ 'లే' నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

మా నాన్న గోదాములకి కాపలా కాసి రిటైరైన మనిషి. తాళం వేశాక లాగి లాగి చూడందే అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. వదిన కాపురానికొచ్చిన కొత్తలో, మామగారి రేడియో దుమ్ము కొట్టుకుపోతోందని దానికో కవరు కుట్టింది. స్టేషను తిప్పే చక్రం దగ్గర గుండ్రంగా కత్తిరించి, చుట్టూ ఎర్ర పైపింగు వేసింది. నాన్న బాగుందని అనలేదు. ఆయన నోటి నుంచి మెచ్చుకోలు రాలడం మేమెవరమూ ఎరగం. కానీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ రేడియో వినిపించకపోయినా కవరు చూపించేవాడు. చూసినవాళ్ళలో ఒకాయన తన కుర్చీకి కూడా కుట్టిపెట్టమన్నాడు. వదిన వ్యాపారం అలా మొదలైంది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో మామా కోడళ్ళు ఒక జట్టు, కన్నబిడ్డలం మేమిద్దరం ఎదటి జట్టు.

కిందటేడు నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడివైపు చచ్చుబడింది. కొన్నాళ్ళకి ఎడమచేత్తో నాలుగుకాళ్ళ కర్ర పట్టుకుని, టక్కు టక్కుమంటూ ఇంట్లోనే అటూ ఇటూ నడిచేదాకా వచ్చాడు. మాట మాత్రం పోయింది. మొత్తం పోలేదు, ఒక్కటి మిగిలింది. దుప్పటి.

ఆసుపత్రిలో చలేసి అడిగిన మాట కాబోలు, అదే నాలుకకి అతుక్కుపోయింది. మంచినీళ్ళు కావాలన్నా దుప్పటే, ఫ్యాను వెయ్యాలన్నా దుప్పటే, అన్నయ్య మీద కోపమొచ్చినా దుప్పటే. మనం చెప్పేదంతా ఆయనకి తెలుస్తుందనీ, లోపల మాట సరిగానే పుడుతుందనీ, నోటిదాకా వచ్చేసరికి అదొక్కటే బయటపడుతుందనీ డాక్టరు చెప్పాడు. మేమందరం తలలు పట్టుకుంటే, వదిన ఆ ఒక్క మాటలోనే రాగాలు పట్టేసింది. చివర సాగదీస్తే దాహం. విరిచినట్టంటే కోపం. వెంటవెంటనే రెండుసార్లంటే, నిజంగానే చలేస్తోందని. నేను ఒకసారి దాహం రాగానికి వెళ్ళి కిటికీ మూసి తిట్లు తిన్నాను. ఆ తిట్లూ దుప్పట్లే.

ఇంతవరకూ బాగానే ఉంది. ఎదురు భవనంలో నిప్పంటుకున్నాకే వదినకి మనశ్శాంతి కరువైంది.

ఒక మధ్యాహ్నం అక్కడెవరి వంటింట్లోనో బాణలిలో నూనె అంటుకుంది. కంగారులో ఎవరో నీళ్ళు గుమ్మరించారు. మంట పైకప్పుకి లేచింది. ప్రాణాలు పోలేదు గానీ వంటిల్లు బొగ్గయింది. ఆ పొగలోంచి ఒక ముసలావిడని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మగవాళ్ళు మెట్లమీదుగా కిందికి దించారు. ఆవిడ చెప్పొకటి మెట్లమీదే ఉండిపోయింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు, వీధిలో జనం ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకున్నారు. వదిన తన కిటికీలోంచి అంతా చూసింది. మంటకంటే ఆ కుర్చీ మోసిన నలుగురే ఆమె కళ్ళలో నిలిచిపోయారు. ఎందుకంటే పగటిపూట నాన్న దగ్గర ఉండేది తనొక్కతే.

పైగా ఆ ఇంటి వాలకం చూడండి. ముందు వదిన పనిగది, దాని వెనక వంటిల్లు, వంటింటి వెనక నాన్న గది. నాన్న బయటికి రావాలంటే వంటింట్లోంచి రావాల్సిందే, మరో దారి లేదు. గదులు మార్చేద్దామంటే, స్నానాలగది నాన్న గదిని ఆనుకుని ఉంది. ఆయన అంతదూరం నడిచి రాలేడు. పోనీ మార్చినా, ఈ స్పాంజీ ఈ దూదీ పొయ్యి పక్కకి చేరతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "వంటింట్లో అంటుకుంటే నేనిటు, మామయ్య అటు. ఎలా దాటించను? దాటించినా మూడంతస్తులు ఎలా దించను?" ఆ ప్రశ్న ఆమెని పట్టుకుంది, మరి వదల్లేదు.

ఆ తరవాత ఆమె తీరే మారిపోయింది. పొయ్యి కట్టేసి, సిలిండరు కట్టేసి, ఇస్త్రీపెట్టె తీగ లాగేసి, కింద వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ పైకెక్కి చూసొచ్చేది. కొలతలకి వెళ్ళినచోట మధ్యలో టేపు వదిలేసి ఇంటికి పరిగెత్తేది. ఒకరోజు నాకు ఫోన్ చేసి, "ఏదో మాడిన వాసనొస్తోందే, నీకేమైనా అనిపిస్తోందా?" అంది.

"వదినా, ఫోన్లో వాసన నాకెలా తెలుస్తుంది?" అన్నాను.

అటువైపు ఆమె నవ్వలేదు. అప్పుడు నాకు కూడా భయం వేసింది.

"అంత దిగులైతే నాన్నని మా ఇంటికి పంపెయ్యి. కింద ఇల్లు, రెండడుగులేస్తే వీధి" అన్నాను ఆ ఆదివారం. వదిన చేతిలో కత్తెర ఆగిపోయింది. నాన్న తన గదిలోంచి విన్నట్టున్నాడు, "దుప్పటి!" అన్నాడు విరిచినట్టు. మామా కోడళ్ళ జట్టు మధ్యలోకి కన్నకూతురు దూరింది కదా.

"అయితే మంటలార్పే సరంజామా కొనుక్కో. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వుతావా?" అన్నాను, ఊరుకోలేక.

"నువ్వూ రా" అంది.

ఆ దుకాణం నీళ్ళ పంపులమ్మే చోటికీ పలకరాళ్ళమ్మే చోటికీ మధ్య ఇరుక్కుని ఉంది. లోపల ఎర్ర సిలిండర్లు బడిపిల్లల్లా వరసలు కట్టి నిలబడ్డాయి. దుకాణదారు చెవిలో పెన్ను పెట్టుకున్న హుషారైన మనిషి. "ఇల్లయితే పౌడర్‌ది తీసుకోండక్కా. గుడ్డకీ పనికొస్తుంది, నూనెకీ పనికొస్తుంది, కరెంటుకీ పనికొస్తుంది" అని ఒకటి తీసి బల్లమీద పెట్టాడు.

"కొట్టాక గది ఎలా ఉంటుంది?" అంది వదిన.

"పిండి చల్లినట్టు కమ్మేస్తుందనుకోండి. కాసేపు కళ్ళు కనబడవు, దగ్గొస్తుంది. అయినా మంట ఆరిపోతుందిగా!"

"మంటతోపాటు మా మామయ్య కూడా ఆరిపోతే? ఆయన లేచి పరిగెత్తలేరు, ఆ పిండిలోనే ఉండాలి."

దుకాణదారు చెవిలోంచి పెన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడు నిమ్మళంగా కూర్చుని ఇంటి వైనమంతా అడిగాడు. అడగాల్సింది ముందే అడగొచ్చుగా అని నేను లోపల గొణుక్కున్నాను. స్పాంజీ గుడ్డలూ ఉన్న గదికి నురగ సిలిండరు మంచిదన్నాడు. కాకపోతే ముందు కరెంటు మెయిను కట్టెయ్యాలి. నూనె మంట మీద మాత్రం దాన్ని కొట్టకూడదు. ఆ ఊపుకి నూనె చిమ్మి, నీళ్ళు పోసిన పనే అవుతుంది. నూనెకి నిప్పు దుప్పటి ఒక్కటే మందు.

వదిన నురగ సిలిండర్లన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూసింది. రెక్సిన్ చుట్టని చంకలో పెట్టుకుని చూసినట్టు చూసింది. పెద్దది ఎత్తగలిగింది గానీ, ఎత్తి గొట్టం పట్టుకునేసరికి మోచెయ్యి వణికింది. "వణికితే లాభం లేదు" అని దించేసి మధ్యరకంది తీసుకుంది. పిన్ను లాగడం, గొట్టం మంట మొదట్లోకి పెట్టడం, పిడి నొక్కి అటూ ఇటూ ఊపడం అతనితో మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. సిలిండరు మీది మీటరులో ముల్లు పచ్చగీతలో ఉండాలని అతనన్నాక, నాలుగు సిలిండర్ల ముళ్ళు పోల్చి చూసి మరీ ఒకటి ఏరింది. ఆ ఓపిక పెళ్ళిచూపుల్లో మా అన్నయ్య విషయంలో చూపించి ఉంటే మేము ఎటుపోయేవాళ్ళమో.

ఇక దుప్పటి. ఎర్ర సంచిలో మడతపెట్టి, కిందికి రెండు పట్టీలు వేలాడుతూ ఉంది. పట్టీలు పట్టుకుని ఒక్క లాగు లాగితే దుప్పటి చేతిలోకి రావాలి. వదిన అంచు పట్టుకుని వేళ్ళ మధ్య నలిపింది. "దారం లాగొచ్చా?" అంది.

"ఎందుకక్కా?"

ఆమె చేతిసంచిలోంచి అగ్గిపెట్టె తీసింది. నిప్పు సామాన్ల దుకాణంలో అగ్గిపెట్టె తీసిన మొదటి మనిషి మా వదినే అయ్యుంటుంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దుకాణదారు మాత్రం సరదాపడి, విడిగా ఉన్న నమూనా ముక్కలోంచి తనే ఒక పోగు లాగిచ్చాడు. అది మంటలో ఎర్రబడింది, అంతే. పుల్ల కాలిపోయింది గానీ దారం అలాగే ఉంది. వాసన లేదు, బూడిద లేదు, పూస లేదు. వదిన ఆ పోగుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఎదురింట్లో అంటుకున్నప్పట్నుంచీ ఆమె ముఖం అంత తేలికపడగా నేను చూడలేదు.

"ఇది గాజునారక్కా. బాణలి మీద కప్పేసి పొయ్యి కట్టెయ్యండి. చల్లారేదాకా ఎత్తి చూడొద్దు, గాలి తగిలితే మళ్ళీ లేస్తుంది. పొయ్యి పైన మాత్రం తగిలించకండి, తలుపు దగ్గర తగిలించండి" అన్నాడు.

సిలిండరు పనిగదిలో గుమ్మం పక్కన మేకుకెక్కింది. దుప్పటి వంటింట్లో, పనిగది వైపు తలుపు పక్కన వేలాడింది. పొద్దున్నే వదిన సాధన చేసేది. చల్లటి బాణలి పొయ్యిమీద పెట్టి, పాత దుప్పటి అంచులు చేతులమీదకి మడిచి పట్టుకుని, దగ్గరి వైపు నుంచి ఆనించి అవతలికి కప్పేది. "చూశారా మామయ్యా? ముందు చేతులు దాచుకోవాలి. విసిరెయ్యకూడదు, కప్పాలి. తరవాత పొయ్యి కట్టాలి" అని పైకి చెబుతూ చేసేది. నాన్న మంచం మీద నుంచి గుమ్మంలోంచి చూస్తూ తలాడించేవాడు.

కుదుటపడిందనుకున్నాను. మరుసటి ఆదివారం వెళ్ళేసరికి నిప్పు దుప్పటికి కవరుంది.

ఆకుపచ్చ గుడ్డ, చుట్టూ పసుపు పైపింగు, ముందు మూతలా ఒక రెప్ప, ఆ రెప్పకి రెండు పెద్ద గుండీలు. వేలాడే పట్టీలు కూడా లోపలే ఉన్నాయి.

"ఇదేంటి వదినా! మంటొచ్చి, కవర్లమ్మగారూ మీ గుండీలు విప్పుకోండి, అప్పటిదాకా నిలబడతాను అంటుందా?" అన్నాను. నాకు కోపం వచ్చింది. ఇంత భయపడే మనిషి ఇంత తెలివితక్కువ పని ఎలా చేసింది?

"వంటింటి జిడ్డంతా దానికే పడుతోందే. ఆ పట్టీలు అప్పుడే నల్లబడుతున్నాయి. జిడ్డు పట్టిన దుప్పటి అంటుకోదూ? రెండు గుండీలెంతసేపు? నేను కళ్ళు మూసుకుని విప్పుతాను" అంది.

"మామూలప్పుడు విప్పుతావు. మంట ఎదురుగా ఉంటే చేతులు నీ మాట వింటాయా?"

వదిన గుండీలు సర్దింది. అన్నయ్యని అడిగితే, "మీ ఇద్దరి మధ్యకి వస్తే నాకే కవరు కుడతారు" అని డ్యూటీకి వెళ్ళిపోయాడు. నాన్న ఆ కవరు వంక చూసి "దుప్పటి" అన్నాడు విరిచినట్టు. వదిన నొచ్చుకుంది. రేడియో కవరు మెచ్చినాయన దీన్ని మెచ్చలేదు మరి. అయినా తియ్యలేదు.

అక్కడ మొదలైంది ఇంకో బెంగ. ఆ గుండీలు నిలవడం లేదు. పొద్దున పెట్టిన గుండీలు మధ్యాహ్నానికి ఊడి, రెప్ప తెరుచుకుని, పట్టీలు బయటికి వేలాడుతున్నాయి. మళ్ళీ పెడితే సాయంత్రానికి మళ్ళీ అంతే.

"నా కాజా వదులవడమా!" అంది వదిన నాతో. ఇన్నేళ్ళలో ఆమె కుట్టిన కాజా ఒక్కటి సాగలేదు. కళ్ళు తగ్గాయేమో, చేతి పట్టు తగ్గిందేమో, కాజాయే సరిగ్గా రానిదాన్ని మంటలో మామయ్యనేం కాపాడతాను అని కుమిలిపోయింది. రెండు కాజాలూ విప్పి, ఇంకా బిగువుగా, గుండీ దూరడమే కష్టమయ్యేంత చిన్నగా మళ్ళీ కుట్టింది. ఒక రోజంతా నిలిచాయి. మర్నాడు మళ్ళీ తెరుచుకున్నాయి.

ఆ వారమే నాన్నకి గోళ్ళు తీస్తూ, "ఎడమ బొటనవేలి గోరు చీలిందే, మంచం పట్టెకి కొట్టుకున్నట్టున్నారు" అని వదిన అంటే, నేను దూది తెచ్చి నూనె రాశాను. ఇద్దరం కలిసి ఆ వేలిని చూశాం. చూసి వదిలేశాం.

అసలు సంగతి జరిగిన రోజు నేను అక్కడ లేను. వదిన చెప్పిందే చెబుతున్నాను. సగం నోటితో చెప్పింది, సగం చేతులతో చెప్పింది.

పొయ్యిమీద బాణలిలో నూనె పెట్టింది. ఇంతలో సోఫా కవర్లావిడ తలుపు తట్టింది. పైపింగు రంగు మారిందని ఆవిడ గొడవ. ఒక్క నిమిషమే కదా అని వదిన మెట్ల దగ్గర నిలబడి, నమూనా ముక్క వెలుగులో పెట్టి ఇదే మీరు చూపించిన రంగని వాదించింది. ఆమె ఇన్నాళ్ళ భయమూ ఆ పైపింగు దగ్గర మరుపున పడింది. వృత్తి మీద మాటపడితే ఎవరికైనా అంతే.

లోపల్నుంచి నాన్న, "దుప్పటి, దుప్పటి" అన్నాడు.

రెండుసార్లు, వెంటవెంటనే. చలి రాగం.

"వస్తున్నా మామయ్యా" అని వదిన మాట కొనసాగించింది.

"దుప్పటి, దుప్పటి!"

"ఉండండి, పాపం ఆయనకి చలేస్తున్నట్టుంది" అని ఆవిడతో చెప్పి, ఉతికి పనిగదిలో మడతపెట్టిన నీలం దుప్పటి తీసుకుని, నింపాదిగా లోపలికి నడిచింది.

వంటిల్లు వెలుగుగా ఉంది. బాణలి నిండా మంట. ఆ మంటకి అవతల, తన గది గుమ్మంలో, కర్రమీద ఒరిగి నాన్న నిలబడి ఉన్నాడు.

వదిన చేతులు వాటంతటవే కదిలాయట. రోజూ సాధన చేసినట్టే, ఆ నీలం దుప్పటి మడత విప్పి, అంచులు వేళ్ళమీదకి మడుచుకుని, రెండు చేతులా పైకెత్తింది. అడుగు ముందుకి వేసింది కూడా. అప్పుడు బొటనవేలికి ఆ మెత్తదనం తగిలింది. నల్లపూస. కరిగి, కారి, చేతులకి అతుక్కునే గుడ్డ.

వెనక్కి విసిరేసింది. నురగ సిలిండరు మీదకి చూపు పోయింది. నూనెకి కాదు, నూనెకి కాదు అని దుకాణదారు గొంతు వినబడింది. "దుప్పటి!" అని నాన్న అరిచాడు. కుడిచెయ్యి లేవదు, ఎడమచేతిలో కర్ర ఉంది. ఆ కర్రే పైకెత్తి గోడవైపు చూపించాడు. కర్ర లేకుండా ఆయన నిలబడలేడు. గుమ్మానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

వదిన గోడవైపు తిరిగింది. గుండీలు, అనుకుంది. పొద్దున తన చేత్తో బిగించి పెట్టిన రెండు గుండీలు. ఆ బిగువు కాజాలు ఇవాళ ఈ వేళ్ళకి రావని ఆమెకి తెలిసిపోయింది. మామయ్యని చంపేశానే అనుకుందట, ఆ మాటే అనుకుందట.

రెప్ప తెరిచి ఉంది. రెండు పట్టీలూ కిందికి వేలాడుతున్నాయి.

లాగింది. దుప్పటి చేతిలోకొచ్చింది. చేతులు దాచుకుంది. విసరలేదు, దగ్గరి వైపు నుంచి ఆనించి అవతలికి కప్పింది. పొయ్యి కట్టింది, గ్యాసు సిలిండరు కట్టింది. దుప్పటి అంచుల్లోంచి పొగ వచ్చింది, సన్నబడింది, ఆగింది. ఎత్తి చూడలేదు. మెట్ల దగ్గర ఆవిడ అరుపులకి పైవాళ్ళూ కిందివాళ్ళూ వచ్చారు, ఎవరో ఫైరింజనుకి ఫోన్ చేశారు. వదిన వాళ్ళెవరినీ చూడలేదు. పొయ్యి పక్కగా గోడవారన నడిచి వెళ్ళి, జారిపోబోతున్న నాన్నని చంకల కింద పట్టుకుంది. ఇద్దరూ ఆ గుమ్మంలోనే కూలబడ్డారు.

నేను వెళ్ళేసరికి గోడ పైకప్పుదాకా నల్లబడి ఉంది. అన్నయ్య యూనిఫారంలోనే వచ్చి, ఏం చెయ్యాలో తెలియక కిటికీలు తెరుస్తున్నాడు. వదిన నాన్న మంచం పక్కన నేలమీద కూర్చుని, ఆయన ఎడమచెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని చూస్తోంది. చీలిన గోరు మళ్ళీ చీలి ఉంది.

"మామయ్యా, ఆ గుండీలు మీరేనా?" అంది.

నాన్న ఆ చేతిని విడిపించుకుని, బొటనవేలితో గాల్లో గుండీ తోసి చూపించాడు.

ఇప్పుడు లెక్కేసుకుంటే మతిపోతుంది. వదిన ఇటు మిషను మీద తల వంచుకుని ఉన్నప్పుడు, ఆయన మంచం దిగి, టక్కు టక్కుమని వంటిల్లంతా దాటి, తలుపుకి భుజం ఆనించి, ఒంటిచేత్తో ఆ రెండు గుండీలూ విప్పి, పట్టీలు బయటికి లాగి, మళ్ళీ టక్కు టక్కుమని వెళ్ళి పడుకునేవాడు. వదిన ఆ చప్పుడు వింటూనే ఉంది. మామయ్య బాగా నడుస్తున్నారని సంతోషించింది కూడా. వద్దని చెప్పడానికి ఆయన దగ్గరున్నది ఒక్క మాట. దానికి మేమంతా కలిసి అన్ని అర్థాలూ పెట్టేశాం, దాని అర్థం తప్ప.

"నేను మిమ్మల్నెలా దించాలా అని చచ్చిపోతున్నాను మామయ్యా. మీకూ అంత భయంగా ఉందా? నాకు చెప్పొచ్చుగా, ఎలాగోలా..." అని వదిన ఏడ్చింది.

నాన్న తల అడ్డంగా ఊపాడు. వేలితో తన గుండె చూపించి, కాదన్నట్టు చెయ్యి తిప్పాడు. తరవాత ఆ వేలే వదిన వైపు పెట్టాడు. ఆమె ముఖం మీదే ఉంచాడు, చాలాసేపు.

నాకు ఏడుపు ఆగలేదు. మేమందరం ఆయన్ని మెట్లమీదుగా ఎలా మోయాలా అని లెక్కలు వేసుకుంటున్నాం. ఆయన మాత్రం పగలంతా స్పాంజి మధ్య, నూనె పక్కన, ఒంటరిగా తిరిగే ఆ పిల్లకేమైనా అయితే ఎలా అని మంచంలోంచి చూస్తున్నాడు. కన్నకూతుర్ని, కుళ్ళు కూడా కలిగింది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఒకసారి మంటమీద కప్పిన దుప్పటి మళ్ళీ వాడకూడదట. కొత్తది కొన్నారు. వదిన దాని నమూనా దారం కూడా కాల్చింది, ఆ అలవాటు ఆమెతోనే పోతుంది. కవరు మాత్రం కుట్టలేదు. వారానికోసారి సంచీ తుడుస్తోంది. భయం పోయిందా అంటే పోలేదు. ఇప్పటికీ వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కొస్తుంది. కాకపోతే నూనె పొయ్యిమీదుంటే, తలుపు విరిగిపోయేలా ఎవరు తట్టినా కదలదు.

మొన్న ఆదివారం నేను వెళ్ళేసరికి మిషను ఆడుతోంది. నేను కుర్చీలో కూర్చుని పైపింగు చుడుతున్నాను. వంటింట్లోంచి టక్కు టక్కు వినబడింది. నాన్న తలుపుదాకా వచ్చి, భుజం ఆనించి, కర్ర మోచేతికి తగిలించుకున్నాడు. విప్పడానికి గుండీల్లేవు. వేలాడుతున్న పట్టీలు రెండూ పట్టుకుని, గోదాము తాళం లాగి చూసినట్టు కొంచెం కొంచెంగా లాగి చూశాడు.

"దుప్పటి" అన్నాడు.

అంతకుముందెప్పుడూ వినని రాగం.

వదిన మిషను ఆపలేదు, తల తిప్పలేదు. "ఉందా మామయ్యా? సరే, నేను నూనె పెడుతున్నా. మీరు అక్కడే కూర్చోండి" అంది.